చిలకెందుకు వదినా?

అమ్మాయి కాపురానికి వెళ్ళాక కడపలో మా ఇల్లు మూగబోయింది. మావారు ఆఫీసుకు, నేను గోడలకు!

“ఒక్కదానివే ఉండావు వదినా, ఒక చిలకను తెచ్చుకోగూడదా? నేర్పిస్తే ‘అమ్మా’ అని పిలుస్తాది” అంది పక్కింటావిడ. నిజం చెప్పొద్దూ, మాట నచ్చింది. వరండాలో పంజరం ఎక్కడ తగిలించాలో కూడా చూసుకున్నాను. కొనేముందు నాలుగు సంగతులు కనుక్కుందామనుకోవడమే నేను చేసిన పొరపాటు.

రామచిలకను పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెట్టుకోవడం అన్నీ నేరమేనట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అలా అంటుంది. 2022లో దాన్ని సవరించాక జరిమానా లక్ష రూపాయల దాకా, జైలు మూడేళ్ళ దాకా! పైగా 2018లో మన రాష్ట్రం ఈ చిలకనే రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. రాష్ట్ర పక్షికి మనం వేసే పీట ఇనప పంజరమా?

“చట్టాలు ఎన్ని లేవు వదినా, ఎవరు చూడొచ్చారు?” అంది.

సరే, చట్టం మాట పక్కన పెడదాం. ఆ చిలక ఎక్కడిది? చెట్టు తొర్రలో, ఇంకా ఎగరడం రాని పిల్ల. తల్లి మేతకు పోయినప్పుడు ఎవడో చెయ్యి పెట్టి తీశాడు. ఈకలు కత్తిరించాడు. దారిలో చచ్చినవి చావగా మిగిలింది మన వరండాకు వస్తుంది. దాన్ని తల్లికి దూరం చేసి మనం ‘అమ్మా’ అని పిలిపించుకోవాలి!

మనం కొనకపోతే మరొకరు కొంటారంటారు. కొనేవాళ్ళున్నారు గనుకే తొర్రలో చెయ్యి పడుతోంది. జామపండు, నానేసిన శెనగలు పెట్టి బాగా చూసుకుంటామంటారు. గుంపులో బతికే పక్షి అది. ఇరవై ఏళ్ళ పైన కూడా బతకగలదు. నా ఒంటరితనం పోవడానికి దానికి ఇరవై ఏళ్ళ ఒంటరి ఖైదా?

రామదాసు గోల్కొండ చెరలో పన్నెండేళ్ళు మగ్గింది, పూర్వజన్మలో చిలకను పంజరంలో పెట్టినందుకేనని కథ చెబుతారు. ఆ కథకు కళ్ళొత్తుకుని, లేచి పంజరంలో చిలకకు మిరపకాయ అందించిన వాళ్ళను నేనెరుగుదును. అంతెందుకు, ఆడవాళ్ళం పంజరంలో చిలకలమని ఎన్ని కథలు చదివి నిట్టూర్చలేదు మనం? మన మీద జాలికి పనికొచ్చిన చిలక తన మీద జాలికి పనికిరాదా?

కర్నూలు వైపు మా తాతగారి జొన్నచేలో చిలకల గుంపు దిగితే, ఆయన మంచె ఎక్కి వడిసెల తిప్పేవారు. పంట తిన్న చిలకను ఆయన తరిమారే గాని బంధించలేదు. ముద్దు చేసే మనమే బంధిస్తున్నాం.

ఇప్పటికే చిలక ఉన్నవారు మాత్రం ఆవేశపడి పంజరం తలుపు తీసేయకండి. ఎగరలేనిది పిల్లి పాలవుతుంది. అటవీశాఖ వారికి అప్పజెప్పండి.

పంజరానికని దాచిన డబ్బులో కొంత పెట్టి మట్టి మూకుడు కొని, మిద్దె మీద నీళ్ళు పెట్టాను. కడప ఎండ సంగతి మీకు చెప్పాలా! మొన్న రెండు చిలకలొచ్చాయి. నీళ్ళు తాగాయి, ‘అమ్మా’ అనలేదు సరిగదా, మూకుట్లో రెట్టవేసి ఎగిరిపోయాయి.

అంతలో అమ్మాయి ఫోను. “ఏం చేస్తున్నావమ్మా?”

“మూకుడు కడుగుతున్నానే” అన్నాను.