మా మిద్దెల లెక్క ఆకాశానికి ఎందుకు?

అనంతసాగరం మండలంలో ఏ ఊరికి వెళ్లినా మిద్దె మీదో, రేకుల కప్పు పక్కనో, పెరట్లో పాతిన ఇనుప గొట్టానికో ఒక డిష్ కనిపిస్తుంది. అదేమీ రహస్యం కాదు, వీధిలో పోయే ప్రతివాడికీ తెలుసు. మరి అదే డిష్‌ను ఆకాశం మీంచి ఎవరో చూస్తే మీకెందుకింత బాధ అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ వీధిలో పోయేవాడు మనల్ని చూస్తే మనమూ వాణ్ని చూస్తాం. 'ఏందబ్బా, అట్టా చూస్తుండావు' అని నిలదీస్తాం. ఆకాశంలో ఉన్నవాణ్ని ఏమని నిలదీయాలి?

ముందు అసలు కనిపిస్తుందా లేదా తేల్చుకుందాం. ఉపగ్రహ చిత్రం చిన్న చిన్న గళ్లతో అల్లిన చాప లాంటిది. 2005లో గూగుల్ ఎర్త్ వచ్చిన నాటికి అందులోని మేలైన చిత్రాల్లో ఒక్కో గడి నేల మీద సుమారు 60 సెంటీమీటర్లు. ఇంటింటికీ పెట్టే డీటీహెచ్ డిష్ కూడా దాదాపు అంతే. అంటే ఒకే ఒక్క తెల్లచుక్క. అది డిష్సో, నీళ్ల డ్రమ్ము మూతో, ఆరేసిన తువ్వాలో బ్రహ్మకు కూడా తెలియదు. కేబుల్ ఆపరేటర్ల 12 అడుగుల డిష్ సంగతి వేరు, అది అడ్డంగా ఆరు గళ్లు ఆక్రమిస్తుంది. పైగా మనం భూమధ్యరేఖకు దగ్గర. టీవీ ఉపగ్రహాలు మనకు దాదాపు నడినెత్తికి దగ్గరగా ఉంటాయి కాబట్టి ఆ పెద్ద డిష్‌లు వెల్లకిలా పడుకున్నట్టే ఉంటాయి. యూరప్‌లో గోడకు ఆనించినట్టు నిలబడే డిష్ కంటే ఇక్కడిది పైనుంచి గుండ్రంగా, తేలిగ్గా దొరుకుతుంది. ఆ కాలం కూడా పోయింది. 2014లో అంతరిక్షంలోకి వెళ్లిన అమెరికా ఉపగ్రహం వరల్డ్‌వ్యూ-3 గడి 31 సెంటీమీటర్లు. 2019 నవంబర్ 27న మన ఇస్రో పంపిన కార్టోశాట్-3 ఇంకా సన్నగా చూస్తుంది. ఇక డ్రోన్ ఎగిరితే చిన్న డిష్ కూడా దాగదు.

ఆ కార్టోశాట్ ఎగిరింది ఎక్కడినుంచి? 2022 దాకా మన నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి! గర్వించాల్సిందే, కాదనం. కానీ ఒక విడ్డూరం చూడండి. 2001 నాటి కేంద్ర విధానం ప్రకారం 5.8 మీటర్ల కంటే సన్నటి చిత్రం కావాలంటే అనుమతుల గడప తొక్కాల్సి వచ్చేది. 2011లో ఆ హద్దును ఒక మీటరుకు తెచ్చారు. జిల్లా ఒడ్డు నుంచి ఎగిరిన ఉపగ్రహం తీసిన మన ఊరి బొమ్మ అప్పట్లో మనకు సులువుగా ఇచ్చేవారు కాదు, అమెరికా కంపెనీ మాత్రం అంతకంటే సన్నటి బొమ్మను లోకమంతటికీ ఉచితంగా పరిచింది. 2005 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసు అకాడమీలో రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు ఈ చిత్రాల మీద ఆందోళన వ్యక్తం చేశారు. ఆయన భయం దేశభద్రత గురించి, అది సబబే. ఆ తర్వాత జరిగిన చర్చంతా రాష్ట్రపతి భవన్, సైనిక స్థావరాల చుట్టూనే తిరిగింది. పూరింటి పెరడు ఎవరికీ గుర్తుకు రాలేదు. పెద్దల కోటకు మసక, పేదల గుడిసెకు వెలుగు.

పెరడును చూసి ఏం చేస్తారంటారా? చేసిన దేశాలున్నాయి. గ్రీసులో ఏథెన్స్ ఉత్తర శివార్లలో 324 మంది మాత్రమే తమకు ఈత కొలను ఉందని పన్ను కాగితాల్లో రాసుకున్నారు. అధికారులు ఉపగ్రహ చిత్రాలు పరిచి లెక్కపెడితే 16,974 తేలాయి. అది 2010 నాటి మాట. ఫ్రాన్స్ 2022లో కంప్యూటర్‌కే ఆ పని అప్పజెప్పి తొమ్మిది జిల్లాల్లో 20 వేలకు పైగా కొలనులు పట్టుకుంది, కోటి యూరోల దాకా పన్ను రాబట్టింది. బలిసినవాడి ఎగవేత దొరికితే మాకూ సంతోషమే. కానీ ఆ కంప్యూటర్ సోలార్ పలకలను కూడా కొలనులని రాసిందని అక్కడి పత్రికలే బయటపెట్టాయి. అక్కడివాడికి వకీలున్నాడు. మన ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో తప్పుడు నోటీసు అందుకున్న ముసలవ్వకు ఎవరున్నారు?

ఇది ఊహాజనితం అని కొట్టిపారేయకండి. 2019 తర్వాత ఈ రాష్ట్రంలో పింఛన్లకు, కార్డులకు 'ఆరంచెల వడపోత' పెట్టారు. నెలకు 300 యూనిట్ల కరెంటు, మూడెకరాల మాగాణి, పదెకరాల మెట్ట, నాలుగు చక్రాల బండి, పట్నంలో ఇంటి వైశాల్యం... అన్నీ కంప్యూటర్ కలిపి చూసింది. ఎవరిదో మీటరు మరొకరి ఆధార్‌కు అంటుకుంటే, ఇంట్లో ఒక బల్బు వెలిగే మనిషి కూడా అనర్హుడే. ఆ జాబితాలో డిష్ లేదు, నిజమే. కానీ 2020లో మొదలైన స్వామిత్వ పథకంలో డ్రోన్లు ఊరి ఇళ్లను కొలుస్తాయి. ఆస్తిపన్ను నిర్ణయం దాని ఉద్దేశాల్లో ఒకటని కేంద్రమే రాసుకుంది. అదే ఏడాది డిసెంబర్‌లో రాష్ట్రంలో భూముల రీసర్వేకూ డ్రోన్లు లేచాయి. మిద్దె కొలత, కరెంటు బిల్లు, ఆధార్ నంబరు ఒకే తెర మీదికి చేరితే, ఆరుకు ఏడో అంచె చేర్చడానికి ఒక సంతకం చాలు. ఒట్టి చిత్రం అంత ప్రమాదం కాదు. చిత్రం కింద పేరు రాసినప్పుడే దానికి కోరలొస్తాయి.

ఇరాన్‌లో 1990ల నుంచీ డిష్ పెట్టడమే నేరం. పోలీసులు మిద్దెలెక్కి పీకేశారు. మనకు ఆ గతి పట్టలేదు. అయితే చట్టం మనకేం కంచె కట్టింది? 1986లో అమెరికాలో ఒకాయన పెరటి చుట్టూ రెండు వరసల కంచె వేసుకుంటే, పోలీసులు వెయ్యి అడుగుల ఎత్తున విమానంలో వెళ్లి గంజాయి మొక్కలు చూశారు. వారంటు అక్కర్లేదని అక్కడి సుప్రీంకోర్టు 5-4 తేడాతో తేల్చింది. మన సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులతో ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కే అంది. దాంట్లో తలదూర్చాలంటే చట్టం ఉండాలి, అవసరం ఉండాలి, హద్దు ఉండాలి అంది. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం మాత్రం తన సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే తాళంచెవిని సర్కారు చేతిలోనే ఉంచింది. కంచె కట్టి గేటు తీసిపెట్టారన్నమాట.

చిత్రాలే వద్దనే మూర్ఖత్వం మాకు లేదు. 2021 నవంబర్‌లో అన్నమయ్య డ్యాం తెగి పెన్నకు వరద ముంచెత్తినప్పుడు పైనుంచి చూసే కన్ను ఎంత అవసరమో ఈ ఒడ్డున అందరికీ తెలుసు. 78 టీఎంసీల సోమశిల ఈ మండలంలోనే ఉంది. దాని నీళ్లు ఏ గట్టు దాకా వచ్చాయో, ఏ చెరువు కట్ట లోపల ఎవడు కంచె వేశాడో, పెన్నలో ఇసుక ఏ ఏడు ఎంత లోతుకు గోకారో పాత చిత్రం, కొత్త చిత్రం పక్కపక్కన పెడితే పసిపిల్లాడు కూడా చెబుతాడు. మరి డిష్ దాకా వెళ్లగలిగే చూపు పెన్నలోని పొక్లెయిన్ దగ్గర ఎందుకు మసకబారుతోంది?

కాబట్టి మేము అడిగేవి పెద్దవి కావు. చిత్రం చూసి నేరుగా పన్ను వేయడం, పేరు కొట్టేయడం కుదరదని రాతపూర్వకంగా చెప్పాలి. మనిషి వచ్చి, తలుపు తట్టి, ఇంటివాళ్ల ముందు చూసి రాసుకోవాలి. చిత్రం ఏ తేదీది, ఎవరు తీశారు, ఎవరెవరు చూశారు అన్నది ఆ ఇంటివాళ్లకు కాగితం మీద ఇవ్వాలి. చెరువులు, వాగులు, పెన్న ఇసుక మేటల చిత్రాలు మాత్రం సర్వే నంబర్లవారీగా ఏటా సచివాలయం గోడకు అంటించాలి. అనంతసాగరం నుంచే మొదలుపెట్టమనండి.