అగ్గిపుల్లల ప్లగ్గు

ఇల్లు కట్టే చోట కరెంటు ఎలా వాడతారో ఎప్పుడైనా గమనించారా? ఓ సర్వీ కర్ర, దానికి కొట్టిన చెక్క, చెక్క మీద మీటరు, ఫ్యూజు, మూల విరిగిన సాకెట్టు. మోటారుకు ప్లగ్గు ఉండదు. వైర్ల కొసలు ఒలిచి రంధ్రాల్లో దూర్చి, ఊడిరాకుండా రెండు అగ్గిపుల్లలు గుచ్చుతారు. అంతే, పని మొదలు!

రెండేళ్ల క్రితం మా ఇల్లు కట్టేటప్పుడూ ఇదే తంతు. స్లాబు పడిన మూడోరోజు వాచ్‌మన్ భార్య మోటారు పైపు కింద బిందె పెట్టబోయి కెవ్వుమంది. మేస్త్రి పరుగున వెళ్లి ఫ్యూజు పీకేశాడు. గండం గడిచింది.

"షాక్ కొట్టిందా అమ్మా?" అనడిగితే ఆమె చేయి నిమురుకుంటూ "రోజూ కొంచెం జిల్లుమంటదయ్యా. ఇవాళ ఎక్కువైంది" అంది.

'రోజూ' అన్న ఆ ఒక్కమాట ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. ఆమెకు మూడేళ్ల కొడుకున్నాడు. ఎప్పుడూ ఆ నీళ్లలోనే ఆడుకుంటుంటాడు. మీటరేమో నా పేరు మీద ఉంది.

మా బావమరిది ఎలక్ట్రీషియన్. ఫోన్ చేసి "ఫ్యూజు ఉంది కదా, ఎందుకు పోలేదు?" అన్నాను. "ఫ్యూజు కాపాడేది వైరుని బావా, మనిషిని కాదు" అన్నాడు. 10 మిల్లీఆంపియర్లు దాటితే పట్టుకున్న చేయి వదిలించుకోవడం కష్టం. 30 దాటితే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది. మరి 16 ఆంపియర్ల ఫ్యూజు అంటే ఆ 30కి ఐదువందల రెట్లకు పైనే. మనిషి పోయినా దానికి చీమ కుట్టినట్టుండదు.

మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. దాని పని గల్లాపెట్టె లెక్కలాంటిది. ఫేజులో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్లో తిరిగి రావాలి. 30 మిల్లీఆంపియర్లు తక్కువొచ్చినా 'ఎక్కడో లీకవుతోంది' అని కన్నుమూసి తెరిచేలోగా సరఫరా ఆపేస్తుంది.

ఆ ఆదివారం బావమరిది వచ్చి ఓ పెట్టె తయారుచేశాడు. మూతకు రబ్బరు అంచున్న గట్టి ప్లాస్టిక్ పెట్టె. వానచినుకు, సిమెంటు దుమ్ము లోపలికి పోవు. అందులో వరుసగా 20 ఆంపియర్ల డబుల్ పోల్ ఎంసీబీ, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, ఆ తర్వాత ఒక్కో సాకెట్టుకు ఒక్కో ఎంసీబీ. మూడూ ఐఎస్ఐ గుర్తున్నవే. బయటికి మూతలున్న నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్లు. వాటికి అగ్గిపుల్లలతో పని జరగదు! మీటరు నుంచి పెట్టె దాకా మూడు కోర్ల 4 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్. నీరు కారకుండా కేబుల్‌ని అడుగువైపు నుంచే లోపలికి తీసుకున్నాడు. పెట్టెను నడుమెత్తు ఇనుప స్టాండుకు బిగించాడు. ఎక్కడ పనుంటే అక్కడికి మోసుకెళ్లొచ్చు.

మూడో తీగ, ఆ పచ్చదే, అందరూ కత్తిరించి పారేసేది. దాన్ని ఎర్త్ గుంత నుంచి మోటారు బాడీ దాకా కలిపాడు. ఎర్త్ లేకున్నా ఆర్‌సీసీబీ పనిచేస్తుంది, కానీ మనిషి తాకాక. ఎర్త్ ఉంటే ఎవరూ తాకకముందే ఆపేస్తుంది. తేడా అదీ.

సోమవారం పొద్దున మోటారు స్విచ్చి వేయగానే 'టప్'మని పడిపోయింది. మళ్లీ వేస్తే మళ్లీ పడింది. మేస్త్రికి చిరాకొచ్చింది. "మీ పెట్టె బాగాలేదు సార్, డైరెక్టుగా ఇచ్చేస్తా" అన్నాడు. బావమరిది మోటారు విప్పించి చూస్తే లోపల వైరు ఒరుసుకుపోయి బాడీకి తగులుతోంది. రోజూ జిల్లుమన్నది అదే!

మీరూ ఇల్లు కడుతుంటే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో ఇలాంటి పెట్టె చేయించండి. రోజూ పని మొదలుపెట్టేముందు ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ నొక్కండి. పడిపోకపోతే ఆ పూట కరెంటు పని వద్దు. మాటిమాటికీ పడిపోతోందంటే తప్పు ఎక్కడుందో వెతికించండి, పెట్టెను పక్కన పెట్టకండి. వెల్డింగ్ మెషిన్‌కు వేరే లైను ఇప్పించండి. ఇంకోమాట... ఒక చేత్తో ఫేజు, మరో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే ఆర్‌సీసీబీ కూడా కాపాడలేదు. పెట్టె ఉంది కదాని జాగ్రత్త మానకూడదు.

గృహప్రవేశం రోజున మేస్త్రికి కొత్త బట్టలు పెట్టాం. అవి తీసుకుని తల గోక్కుంటూ "సార్, ఆ పెట్టె కూడా ఇస్తారా? వచ్చే వారం ఇంకోచోట ముగ్గు పోస్తున్నాం" అన్నాడు.

ఆనందంగా ఇచ్చేశాను.