రైతు కోపం ఎవరి ఖాతాలో పడుతోంది?

ఐరోపాలో మితవాద పార్టీలు ఎన్నిక ఎన్నికకూ బలపడుతున్నాయి. జర్మనీలో ఏఎఫ్‌డీ అనే పార్టీ 2013లో పుట్టింది. ఆ ఏడాది ఎన్నికల్లో 5 శాతం ఓట్ల గీత దాటలేక పార్లమెంటు గడప తొక్కలేకపోయింది. 2025 ఫిబ్రవరి ఎన్నికల్లో 20.8 శాతం ఓట్లు తెచ్చుకుని దేశంలో రెండో పెద్ద పార్టీ అయింది. పొగాకు, మిరప, పత్తి ధరలతో సతమతమవుతున్న మనకు ఈ సంగతి ఎందుకని కొందరు రైతు సోదరులు అడగవచ్చు. ఆ పార్టీలు పైకి ఎక్కిన నిచ్చెనలో రైతు కోపం ఒక మెట్టు. అలాంటి నిచ్చెన ఒకప్పుడు మన గుంటూరు జిల్లాలోనూ వేశారు. అందుకే ఈ నెల ఈ విషయం చర్చకు పెడుతున్నాం.

ముందు జర్మనీ సంగతి చూద్దాం. 2023 చివర్లో అక్కడి ప్రభుత్వానికి బడ్జెట్‌లో లోటు వచ్చింది. ఆ లోటు పూడ్చడానికి రైతుకు డీజిల్‌మీద లీటరుకు 21 సెంట్లకు పైగా వెనక్కి ఇచ్చే రాయితీని తీసేస్తామంది. ట్రాక్టర్లకు ఉన్న పన్ను మినహాయింపు కూడా ఎత్తేస్తామంది. రైతులు రోడ్డెక్కారు. 2024 జనవరి 15న వేల ట్రాక్టర్లు రాజధాని బెర్లిన్‌ను నింపేశాయి. ఆ కోపం న్యాయమైనదే. పెట్టుబడి పెరిగి రాబడి పెరగని రైతు నోటి దగ్గర ముద్ద లాక్కుంటే ఏ దేశంలోనైనా ఊరుకోడు.

ఏఎఫ్‌డీ వెంటనే రైతు పక్షం వహించింది. కానీ అదే పార్టీ 2016లో ఆమోదించుకున్న మూల కార్యక్రమంలో ఏముంది? వ్యవసాయంలో పోటీ పెరగాలి, సబ్సిడీలు తగ్గాలి అని ఉంది. సబ్సిడీ పోతోందని రోడ్డెక్కిన రైతుకు, సబ్సిడీలు తగ్గాలని రాసుకున్న పార్టీ నాయకత్వం వహించబోయింది. అక్కడి రైతు సంఘాలు ఇది గమనించాయి. జర్మన్ రైతు సంఘం అధ్యక్షుడు యోఆకిమ్ రుక్‌వీడ్ తమ ప్రదర్శనల్లో తీవ్ర మితవాదులకు చోటు లేదని బహిరంగంగా చెప్పారు. ట్రాక్టర్లకు ఉన్న పన్ను మినహాయింపును నాటి ప్రభుత్వమే నిలబెట్టింది. డీజిల్ రాయితీ 2026 జనవరి నుంచి తిరిగి వచ్చింది. అది ఇచ్చింది ఏఎఫ్‌డీ కాదు. సంఘాలు వదలకుండా అడిగితే, తర్వాత వచ్చిన ప్రభుత్వం ఇచ్చింది.

ఏఎఫ్‌డీ ప్రధాన నినాదం వలస వచ్చినవాళ్లకు వ్యతిరేకం. కానీ జర్మనీ పొలాల్లో కోతలు కోసేది ఎక్కువగా రుమేనియా, పోలండ్ నుంచి సీజనుకు వచ్చే కూలీలే. 2020లో కరోనా వచ్చి సరిహద్దులు మూసేసినప్పుడు, ఏప్రిల్ నెలకు 40,000 మంది, మే నెలకు మరో 40,000 మంది కూలీలను అనుమతిస్తామని ప్రభుత్వం ప్రకటించి, రుమేనియా నుంచి విమానాల్లో రప్పించింది. పరాయివాడివల్లే నీకు కష్టం అని రైతుకు చెప్పే పార్టీ, ఆ పరాయివాడు రాకపోతే పంట ఎవరు కోస్తారో చెప్పదు. ఐరోపా యూనియన్ రైతులకిచ్చే నేరుగా చెల్లింపుల్లో దాదాపు 80 శాతం, 20 శాతం మంది చేతుల్లోకే పోతోందన్న మాట కూడా ఎత్తదు.

హాలండ్ కథ ఇంకా సూటిగా ఉంటుంది. 2019 మేలో అక్కడి కోర్టు నత్రజని కాలుష్యంమీద తీర్పు ఇచ్చింది. పాడి పశువుల సంఖ్య తగ్గించాలనే మాట బయలుదేరింది. రైతులు ట్రాక్టర్లతో హేగ్ నగరానికి తరలారు. అదే ఏడాది రైతు పేరుతో బీబీబీ అనే పార్టీ పుట్టింది. 2023 మార్చిలో రాష్ట్రాల స్థాయి ఎన్నికల్లో అది మొదటి స్థానంలో నిలిచింది. 2024 జులైలో వలస వ్యతిరేక నాయకుడు గీర్ట్ విల్డర్స్ పార్టీతో కలిసి ప్రభుత్వంలో చేరింది. వ్యవసాయ శాఖ కూడా దాని చేతికే వచ్చింది. ఏడాది తిరక్కుండానే, 2025 జూన్ 3న విల్డర్స్ పార్టీ బయటికి వచ్చి ప్రభుత్వాన్ని కూల్చింది. దేనికోసం? పాలకోసం కాదు, పశువుకోసం కాదు. శరణార్థుల విషయంలో. నత్రజని చిక్కు చిక్కుగానే మిగిలింది. 2025 అక్టోబర్ ఎన్నికల్లో బీబీబీకి 150 సీట్లలో 4 దక్కాయి.

ఇక మన సంగతి. చీరాల నుంచి తెనాలి వెళ్లే రైలు నిడుబ్రోలు మీదుగానే పోతుంది. ఆ ఊరి బిడ్డ ఆచార్య ఎన్.జి. రంగా. జమీందారీకి వ్యతిరేకంగా రైతుల్ని కదిలించినవారు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు ప్రధాన కార్యదర్శి అయినవారు. ఆయనంటే ఈ ప్రాంత రైతాంగానికి గౌరవం ఉంది, ఉండాలి కూడా.

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార సేద్యం చేపట్టాలని తీర్మానించింది. నా భూమి నాకు కాకుండా పోతుందేమో అని రైతులకు భయం పట్టుకుంది. ఆ భయం ఉత్తది కాదు. రంగా కాంగ్రెస్‌ను వదిలి, అదే ఏడాది రాజాజీ, మినూ మసానీలతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దాని అధ్యక్షుడయ్యారు. 1962లో ఆ పార్టీకి లోక్‌సభలో 18 సీట్లు, 1967లో 44 సీట్లు వచ్చాయి. కాంగ్రెస్ తర్వాత అంత పెద్ద పార్టీ మరొకటి లేదు.

ఆ పార్టీ వేదికమీద రైతు పక్కన ఎవరు కూర్చున్నారు? రాజస్థాన్‌లో జైపూర్ మహారాణి గాయత్రీదేవి. బీహార్‌లో రామ్‌గఢ్ రాజా. ఒడిశాలో పాత సంస్థానాధీశులు. బొంబాయి పెట్టుబడిదారుల అండ సరేసరి. రైతు భయంతో మొదలైన పార్టీలో, ఏ జమీందారులమీద రైతులు పోరాడారో ఆ వర్గమే బలం అయింది. భూమి హక్కు అన్నమాట దస్తావేజు ఉన్నవాడికి ధైర్యం ఇచ్చింది. కౌలుకు చేసేవాడికీ, కూలికి పోయేవాడికీ ఆ మాటలో చోటెక్కడ? 1962లో తెనాలి ఓటర్లు రంగా గారినే ఓడించారు. ఆయన చిత్తూరు ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు వెళ్లాల్సి వచ్చింది. 1971 నాటికి పార్టీ 8 సీట్లకు పడిపోయింది. 1974లో భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది. రంగా అప్పటికే కాంగ్రెస్‌కు తిరిగి వెళ్లారు.

స్వతంత్ర పార్టీనీ ఏఎఫ్‌డీనీ ఒకే గాటన కట్టడం లేదు. స్వతంత్ర పార్టీ పరాయివాళ్లమీద ద్వేషం రెచ్చగొట్టి ఓట్లు అడగలేదు. ఉమ్మడి సేద్యం ఆలోచన వెనక్కిపోవడంలో దాని పాత్ర ఉందని కూడా ఒప్పుకోవాలి. పోలిక ఒక్కచోటే ఉంది. కోపమూ భయమూ రైతువి. దానిమీద ఎక్కినవాళ్ల లెక్క వేరు.

ఈ లెక్క ఇప్పుడు మన ముందుకూ వస్తోంది. 2025లో మిరప ధర ఎంత పడిపోయిందంటే, క్వింటాల్‌కు 11,781 రూపాయలతో మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చింది. పర్చూరు, ఇంకొల్లు వైపు నల్ల బర్లీ కొనే నాథుడు లేక రైతులు గగ్గోలు పెడితే మార్క్‌ఫెడ్‌ను దింపాల్సి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో పత్తి దిగుమతిమీద 11 శాతం సుంకం ఎత్తేశారు. ఈ మూడింటిలో ఏదీ ఉపాధి హామీ కూలీవల్ల రాలేదు. మిరప కోతకు బయటినుంచి వచ్చే కూలీవల్ల రాలేదు. పక్క మతంవాడివల్లా, పక్క కులంవాడివల్లా అంతకన్నా రాలేదు. అయినా రచ్చబండ దగ్గర మన కోపం ఎవరిమీదికి మళ్లుతోంది? కూలీలు చెడిపోయారు, పథకాలతో సోమరులయ్యారు అనే మాట మన నోట కూడా వినబడుతోంది. ఆ మాటను అందిపుచ్చుకునే పార్టీలకు కొదవ లేదు.

మన చరిత్రలోనే వేరే దారి ఉంది. 1921లో చీరాల, పేరాల ప్రజలు మున్సిపల్ పన్ను కట్టం అని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఇళ్లు వదిలి రామనగర్‌లో పదకొండు నెలలు గుడిసెల్లో ఉన్నారు. వాళ్లు పోరాడింది పన్ను వేసినవాళ్లమీద. పక్కింటివాళ్లమీద కాదు. వందేళ్ల తర్వాత ఢిల్లీ సరిహద్దుల్లో సంయుక్త కిసాన్ మోర్చా ఏడాదికి పైగా కూర్చుంది. ఏ పార్టీ నాయకుణ్నీ తన వేదిక ఎక్కనివ్వలేదు. 2021 నవంబర్ 19న మూడు చట్టాలు వెనక్కి తీసుకుంటామని ప్రధాని ప్రకటించారు. అందులో పార్టీల అభిమానులు లేరా? ఉన్నారు. ఓటు ఎవరికి వేసుకున్నా, డిమాండ్ల కాగితం మాత్రం సంఘం చేతిలోనే ఉంచుకున్నారు.

రైతు పార్టీలకు దూరంగా ఉండాలని మేము అనడం లేదు. ఓటు లేకుండా ధర రాదు. కానీ ఏ రంగు జెండా పట్టుకుని ఎవరు మన ఊరికి వచ్చినా మూడు ప్రశ్నలు అడగాలి. ఒకటి: మద్దతు ధరకు చట్టబద్ధత గురించీ, దిగుమతి సుంకం గురించీ మీ మేనిఫెస్టోలో ఏం రాశారు? సభలో చెప్పింది కాదు, రాసింది చూపించండి. రెండు: 2019 చట్టం ప్రకారం సాగు హక్కు పత్రం కావాలంటే భూయజమాని సంతకం కావాలి. ఆ సంతకం దొరకని కౌలు రైతుకు మీరు ఏం చేస్తారు? మూడు: మా కష్టానికి కారణం ఎవరని చెబుతున్నారు? ధర నిర్ణయించేవాళ్ల పేరు చెబుతున్నారా, మాకంటే పేదవాడి పేరు చెబుతున్నారా?

మూడో ప్రశ్నకు జవాబు వినగానే ఆ పార్టీ సంగతి సగం తెలిసిపోతుంది. ఈ ప్రశ్నలు గ్రామ కమిటీల్లో చదివి, చర్చించి, స్థానిక సమస్య ఏదైనా ఉంటే నాలుగో ప్రశ్నగా చేర్చుకోవాలని కోరుతున్నాం.