విడిపోతే ఫ్లాటు ఎవరిది?

వాయిదాలు కట్టిన ఖాతాకే విలువ.. ఇంటి ఖర్చు లెక్కలోకి రాదు

శేరిలింగంపల్లి: మాదాపూర్‌లో సైబర్‌ టవర్స్‌ ప్రారంభమైన 1998లో చుట్టుపక్కల కనిపించినవి రాళ్లగుట్టలే. నేడు గచ్చిబౌలి, కొండాపూర్‌, నానక్‌రాంగూడ వరకు బహుళ అంతస్తుల భవనాలు వెలిశాయి. వాటిలో ఫ్లాటు కొనాలంటే చాలా కుటుంబాలకు ఒక్కరి జీతం చాలదు. అందుకే భార్యాభర్తలు కలిసి రుణపత్రాలపై సంతకాలు చేస్తున్నారు. వాయిదాలు ఇరవై ఏళ్లు. కాపురం అంతకాలం నిలవని చోట ఆ ఫ్లాటే పెద్ద చిక్కుముడి అవుతోంది.

పెళ్లయ్యాక సంపాదించినదంతా చెరిసగం అన్న నమ్మకం ఉద్యోగుల్లో బలంగా ఉంది. కాలిఫోర్నియాలో ఉండి వచ్చినవారు అక్కడి పద్ధతే ఇక్కడా ఉంటుందనుకుంటారు. మన దేశంలో గోవాలో పోర్చుగీసుల కాలంనాటి పౌరస్మృతి వల్ల అటువంటి ఏర్పాటు ఉంది గానీ తెలంగాణలో లేదు. 1955 హిందూ వివాహ చట్టంలోని 27వ సెక్షను పెళ్లి సందర్భంగా ఇద్దరికీ కలిపి వచ్చిన కానుకలకే పరిమితం. భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇచ్చే సవరణ బిల్లును 2013 ఆగస్టులో రాజ్యసభ ఆమోదించింది. లోక్‌సభ దాటకుండానే అది 2014లో మురిగిపోయింది.

జీతం ఎటు పోయింది?

అసలు అన్యాయం ఇంటి లెక్కల్లో దాగి ఉంది. భర్త ఖాతా నుంచి ఫ్లాటు వాయిదా వెళుతుంది. భార్య జీతం పిల్లల ఫీజులకు, కిరాణాకు, పనిమనిషికి, అత్తమామల మందులకు కరిగిపోతుంది. ఆమె ఆ ఖర్చు భరించబట్టే ఆయన వాయిదా కట్టగలిగాడు. కోర్టులో మాత్రం ఆయన చేతిలో పదేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉంటాయి, ఆమె చేతిలో ఏమీ ఉండదు. కూరగాయల కొట్టువాడు రసీదు ఇస్తాడా?

ఇద్దరి పేరున కొన్న ఆస్తిలో ఎవరు ఎంత పెట్టారో రుజువైతే ఆ మేరకే వాటా అని, రుజువు లేకుంటే సమాన వాటాలుగా భావించాలని ఆస్తి బదలాయింపు చట్టంలోని 45వ సెక్షను చెబుతోంది. భార్య పేరునే కొన్నా, సొమ్ము తనదేనని భర్త వాదించడానికి వీలుంది. ఇంటిని చక్కబెట్టిన గృహిణికి భర్త సంపాదనతో కొన్న ఆస్తిలో సమాన వాటా ఉంటుందని మద్రాసు హైకోర్టు 2023 జూన్‌లో చెప్పిన తీర్పు ఊరటనిచ్చేదే. కానీ అది తెలంగాణ కోర్టులు పాటించి తీరవలసినది కాదు.

బంగారం ఆమెదే

స్త్రీధనం విషయంలో సందిగ్ధం లేదు. 1999లో పెళ్లయి, 2016లో అమెరికాలోని మిసోరి రాష్ట్రంలో విడాకులు తీసుకున్న తెలుగు దంపతులు ఆస్తుల పంపకాన్ని అక్కడే ఒప్పందంతో తేల్చుకున్నారు. పెళ్లినాటి నగలు ఇప్పించాలంటూ 2021లో ఆమె తండ్రి హైదరాబాద్‌లో కేసు పెట్టారు. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. స్త్రీధనంపై సర్వహక్కులూ ఆమెవేనని, ఆమె అధికారం ఇవ్వనిదే తండ్రి సైతం అడగరాదని స్పష్టం చేసింది.

ఎక్కడికి వెళ్లాలి?

భార్యాభర్తల మధ్య ఆస్తి వివాదాన్ని కుటుంబ న్యాయస్థానమే విచారిస్తుంది. భరణం కేసుల్లో ఇరువురూ ఆస్తులు, అప్పులు, ఆదాయం వెల్లడిస్తూ ప్రమాణపత్రం దాఖలు చేయాలని సుప్రీంకోర్టు 2020 నవంబరులో ఆదేశించింది. కంపెనీ వాటాలు, డిపాజిట్లు దాచిపెట్టేవారికి ఇది కొంత అడ్డుకట్ట. గృహహింస చట్టం కింద భార్య ఆ ఇంట్లో ఉండే హక్కు కోరవచ్చు. అయితే నివాస హక్కు వేరు, యాజమాన్యం వేరు.

1987 న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయ పరిమితి లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. నెలకు లక్ష సంపాదించే ఇంజినీరుకూ ఇది వర్తిస్తుంది. ఈ సంగతి తెలిసినవారు తక్కువ. రంగారెడ్డి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఎల్బీనగర్‌ కోర్టుల ప్రాంగణంలో ఉంది. గచ్చిబౌలి నుంచి నగరం ఆ చివరకు వెళ్లడమే ఒక పూట పని.

పరస్పర అంగీకారంతో విడిపోయేవారు ఫ్లాటు ఎవరికి, మిగిలిన రుణం ఎవరు తీర్చాలి అన్నది ఒప్పందంలో రాసుకుంటున్నారు. ఆ ఒప్పందం బ్యాంకును కట్టడి చేయదు. ఫ్లాటు వదులుకున్నవారు రుణపత్రం నుంచి తమ పేరును బ్యాంకుచేత తొలగింపజేసుకోకుంటే, అవతలివారు వాయిదా ఎగ్గొట్టిన నాడు నోటీసు వీరి ఇంటికీ వస్తుంది.