రక్తమొక్కటే చాలునా?

వాన వచ్చునా, వేరుసెనగ పండునా యను చింత అనంతపురము రైతున కేటేట నుండునదే. తలసీమియాతో పుట్టిన బిడ్డ గల యింట, మూడు నాలుగు వారముల కొకసారి రక్తము దొరకునా యను చింతయు దానికి తోడగుచున్నది. రక్తము దొరకినచో గండము గడచెనని తల్లిదండ్రులు తలంతురు. ప్రభుత్వమును అట్లే తలంచుచున్నట్లున్నది. 2016 నాటి చట్టము ఈ వ్యాధిని వైకల్యములలో జేర్చినది. మన రాష్ట్రము 2020లో ఈ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను నిర్ణయించినది. మెచ్చదగిన పనులే.

కాని రక్తముతోపాటు ఇనుమును లోనికి బోవుచున్నది. సంచి యొక్కటికి ఇంచుమించు 200 మిల్లీగ్రాములు. అంత యినుమును వెలికిబంపు శక్తి శరీరమునకు లేదు. అది గుండెను, కాలేయమును మాత్రమేగాక, మెదడు క్రిందనున్న పిట్యూటరీ గ్రంథిని, థైరాయిడును, క్లోమమును పట్టుకొనును. పిట్యూటరీ చెడినచో ఎదుగుదల నిలుచును. పదునైదేండ్లు వచ్చినను యౌవనచిహ్నములు కానరావు. క్లోమము చెడినచో మధుమేహము. హార్మోనులు కొరవడి, మూలుగ ఉబ్బి, ఎముకలు గుల్లబారును. చిన్న దెబ్బకే విరుగును.

ఇంటివారేమనుకొందురు? కుమారుడు ఎదుగనిచో మా వంశమున నందరును పొట్టివారే యని సరిపెట్టుకొందురు. కుమార్తె పెద్దమనిషి కానిచో ఆ మాట గడప దాటనీయరు. తల్లి చెప్పదు, వైద్యుడు రక్తపు లెక్క చూచుకొని అడుగడు. వేళకు కనుగొన్నచో హార్మోనుల చికిత్స గలదు. కాలము మించినచో పోయిన ఎత్తు తిరిగిరాదు.

ఈ సీమకు మరియొక చిక్కు గలదు. పెక్కు గ్రామముల బోరునీటిలో ఫ్లోరైడు మెండు. ఆ విషము ఎముకలను చెరచుటను 1937లోనే నెల్లూరు మండలమున వైద్యులు వర్ణించిరి. 1995లో ఆరంభమైన సత్యసాయి మంచినీటి పథకము ఎన్నియో యూళ్ల దాహము దీర్చినది. అయినను బోరునీరే త్రాగు బిడ్డల విషయమున జాగ్రత్త వలయును. ఫ్లోరైడు పట్టిన ఎముక పరీక్షలో దట్టముగ కనబడునుగాని గట్టిది కాదు.

ఇనుమును వెడలించు మాత్రలు గలవు. అవి ప్రతిదినము పడవలెను. నడుమ నిలిచిన నెలలలో ఇనుము మరల పేరుకొనును. ఆరు నెలల కొకసారి ఎత్తు కొలుచుటకు గోడమీద గీత చాలును. పదేండ్లు వచ్చినది మొదలు గ్రంథుల పరీక్షలు, ఎముకల సాంద్రత పరీక్ష జరుగవలెను. ఇందుకు దూరపట్టణమునకు బొమ్మన్నచో, రక్తముకొరకే నెలనెల కూలి పోగొట్టుకొను తల్లి పోజాలదు. పింఛను నిర్ణయించిన ప్రభుత్వము ఈ పరీక్షలనుగూడ జిల్లా ఆస్పత్రిలోనే, రక్తమెక్కించు దినముననే, ఉచితముగ జరిపింపవలెను.