రెండో రాత్రికి గానీ పట్టని నిద్ర

కేంద్ర పర్యాటక శాఖ మంత్రిగారికి, ఆ శాఖ అధికారులకు



హోటళ్ళకు నక్షత్రాలు ఇచ్చేది మీరే. గది విస్తీర్ణం, మంచం వెడల్పు, బాత్రూమ్, వంటగది శుభ్రత, అగ్నిప్రమాదం జరిగితే బయటపడే దారి అన్నీ చూసి, ఐదేళ్ళు చెల్లేలా ముద్ర వేస్తారు. మంచి పనే. ఆ మంచం మీద పడుకున్న మనిషికి నిద్ర పట్టే ఏర్పాట్లు ఉన్నాయా లేవా అన్నదీ గట్టిగా చూడమని అడగడానికే ఈ లేఖ. మీ శాఖకు తెలుగువాళ్ళు కొత్త కాదు. రేణుకా చౌదరి, చిరంజీవి, కిషన్ రెడ్డి గార్లు వేరువేరు కాలాల్లో ఆ బాధ్యత చూశారు. ఆ చనువుతోనే నాలుగు మాటలు ఎక్కువ రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

హోటల్ ప్రకటనల్లో ఏం ఉంటుంది? కొండ కనిపించే కిటికీ, నీలంగా మెరిసే ఈతకొలను, ఇరవై రకాల టిఫిన్లు. మనిషి ఆ గదిలో ఎక్కువసేపు చేసే పని మాత్రం కళ్ళు మూసుకుని పడుకోవడమే. ఆ ఎనిమిది గంటలూ కిటికీకి కర్టెన్ వేసే ఉంటుంది, ఈతకొలనుకు తాళం పడే ఉంటుంది. అంటే మనం అద్దె కట్టేది ప్రధానంగా నిద్రకి. దాని ఊసు ప్రకటనలో ఎక్కడా కనిపించదు.

నిద్ర సుఖమెరుగదని మనకో సామెత ఉంది. ఆ మాట అన్నవాళ్ళు పొద్దస్తమానం పొలంలో నడుము వంచినవాళ్ళు అయి ఉండాలి. వాళ్ళకు గట్టు మీద తువ్వాలు పరుచుకున్నా కళ్ళు మూతపడతాయి. మా ఆయనకూ ఆ వరం ఉంది. బస్సు సీట్లో, పెళ్ళిపందిట్లో, ఎక్కడైనా తల ఆన్చితే గురకే. ఆయన పక్కన పడుకుని, తెలియని గదిలో పైకప్పుకేసి చూస్తూ రెండింటి దాకా గడిపే నాలాంటివాళ్ళు ఈ దేశంలో తక్కువేమీ లేరు. పొద్దున్నే "ఏం, నిద్రపట్టలేదా?" అని అడిగేది కూడా ఆయనే. అదింకా కష్టం.

ఇదేదో ఆడవాళ్ళ చాదస్తమో, వయసు మీద పడ్డవాళ్ళ గొణుగుడో కాదు. నిద్ర మీద పరిశోధన చేసేవాళ్ళకు ఈ సంగతి 1960ల నుంచీ తెలుసు. ప్రయోగశాలకు వచ్చి తలకు తీగలు తగిలించుకుని పడుకున్నవాళ్ళ మొదటి రాత్రి లెక్కలు తరవాతి రాత్రులతో కలవవు. అందుకే చాలామంది పరిశోధకులు ఆ రాత్రి లెక్కను పక్కన పెట్టేస్తారు. 2016లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మసాకో తమాకీ, యుకా ససాకీ, వాళ్ళ సహచరులు దీని కారణం వెతికారు. గాఢనిద్రలో మెదడులో నెమ్మదైన తరంగాలు లేస్తాయి. కొత్తచోట మొదటి రాత్రి అవి కుడివైపు బాగానే ఉన్నాయి గానీ ఎడమవైపు ఒక భాగంలో బలంగా లేవు. నిద్రలో ఉన్నవాళ్ళ చెవుల్లో ఒకే రకం చిన్న శబ్దం వినిపిస్తూ, మధ్యమధ్య దానికి భిన్నమైన శబ్దం వేశారు. అది కుడిచెవిలో పడితే, అంటే ఎక్కువగా ఎడమ మెదడుకు చేరే దారిలో పడితే, జనం తొందరగా మేలుకున్నారు. కొన్నాళ్ళు ఆగి అదే చోట మళ్ళీ పడుకోబెడితే ఈ తేడా లేదు. డాల్ఫిన్లూ కొన్ని పక్షులూ సగం మెదడుతో నిద్రపోతూ రెండో సగంతో మెలకువగా ఉంటాయని ముందే తెలుసు. మనుషుల్లోనూ ఆ ఛాయ కాస్త ఉందన్నమాట. ముక్కూ మొహం తెలియని సత్రంలో ఒకరు నడుం వాలిస్తే ఇంకొకరు మూటల దగ్గర కూర్చున్నట్టు, మెదడు తనలో ఒక భాగాన్ని కాపలా ఉంచుతోంది.

ఈ కాపలాను మీరు మాన్పించలేరు, ఏ ప్రభుత్వమూ మాన్పించలేదు. అయితే మన విహారయాత్రల తీరును దీని పక్కన పెట్టి చూడండి.

మావైపు మధ్యతరగతి ఇళ్ళలో సెలవంటే రెండు రాత్రులు. విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కి సొరంగాలు దాటుకుంటూ అరకు చేరడం, బొర్రా గుహలు, అనంతగిరి కాఫీ తోటలు, మర్నాడు చీకటితోనే లేచి వంజంగి మేఘాలు. ఆ రెండు రాత్రుల్లో మొదటిది కాపలాకి పోయింది. రెండోనాడు ఒళ్ళు కుదుటపడే వేళకి, తెల్లవారుజామున మూడున్నరకి పక్కగదివాళ్ళు సూర్యోదయం చూడ్డానికి పిల్లల్ని కేకలేసి లేపుతారు. ఇక శ్రీశైలంలో ఒక రాత్రి, మహానందిలో ఒక రాత్రి, అహోబిలంలో ఒక రాత్రి అని ప్యాకేజీ కట్టినవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. వాళ్ళకి ప్రతి రాత్రీ మొదటి రాత్రే. ఇంటికొచ్చి రెండు రోజులు సెలవు పెట్టి నిద్రపోయేవాళ్ళని చూసి నవ్వుతుంటాం, వాళ్ళ తప్పేముంది?

మీ స్వదేశ్ దర్శన్ పథకం 2014-15లో మొదలైనప్పుడు సర్క్యూట్ల పద్ధతిలోనే సాగింది. కాకినాడ తీరం ఒక సర్క్యూట్, శాలిహుండం, బావికొండ, అమరావతి కలిపి బౌద్ధ సర్క్యూట్. తరవాత రెండో విడతలో సర్క్యూట్ బదులు ఒక్కో గమ్యాన్ని పట్టుకుని తీర్చిదిద్దడం మొదలుపెట్టారు. మీ కారణాలు మీకున్నాయి. నిద్రపట్టని మనిషిగా మాత్రం ఆ మార్పుకి నా ఓటు. ఒక ఊళ్ళో, ఒకే మంచం మీద మూడు రాత్రులు ఉండి చుట్టుపక్కలవి చూసొచ్చే యాత్రలను ప్రోత్సహించండి. రోజుకో పెట్టె సర్దుడు తప్పుతుంది, ఊళ్ళోవాళ్ళకి నాలుగు రూపాయలు ఎక్కువ మిగులుతాయి, మా మెదడుకీ డ్యూటీ దిగే వీలుంటుంది.

ఇప్పుడు గదిలోకి రండి.

పరుపు మీద తెల్లటి దుప్పటి పరిచి, దాని అంచులు నాలుగువైపులా పరుపు కిందికి దోపి బిగిస్తారు. దాని మీద బరువైన కంఫర్టర్, దాని అంచులూ కాళ్ళవైపు దోపే ఉంటాయి. పడుకున్నవాడు కాలు చాపాలంటే ముందు తన్ని ఊడదీయాలి. కాళ్ళ దగ్గర అడ్డంగా ఒక రంగుల పట్టీ పరుస్తారు, దాని ప్రయోజనం ఇప్పటికీ నాకు బోధపడలేదు. మే నెలలో రాజమండ్రిలో ఆ కంఫర్టర్ కప్పుకుంటే ఉడికిపోతాం, తీసేస్తే ఏసీ గాలికి వణుకుతాం. మధ్యస్థంగా ఒక పల్చటి దుప్పటి కావాలి, అంతే. రైల్లో ఏసీ బోగీ ఎక్కితే రెండు దుప్పట్లు, ఒక రగ్గు, ఒక తలగడ ఇస్తారు. ఒకటి పరుచుకుని ఒకటి కప్పుకోమని రైల్వేవాళ్ళకి తట్టిన సంగతి, రాత్రికి ఆరువేలు తీసుకునేవాళ్ళకి ఎందుకు తట్టదో! అడిగితే తెచ్చిస్తారు, కాదనను. కానీ పదకొండింటికి ఫోన్ చేసి, ఆ అబ్బాయి వచ్చి బెల్లు కొట్టి, తలుపు తీసి, థాంక్స్ చెప్పి మళ్ళీ పడుకునేసరికి వచ్చిన కాస్త నిద్రా ఎగిరిపోతుంది.

తలగడలు మరీ విడ్డూరం. మంచానికి నాలుగు పెడతారు, నాలుగూ ఒకే ఎత్తు. ఒకటి పెట్టుకుంటే మెడ నిక్కుతుంది, తీసేస్తే తల వాలిపోతుంది. మన ఇళ్ళలో బూరుగు దూది తలగడ వాడీ వాడీ మన మెడకి సరిపడా అణిగి ఉంటుంది. దాన్ని కారు డిక్కీలో వేసుకెళ్ళే కుటుంబాలు నాకు తెలుసు. పిల్లలు సిగ్గుపడతారు, రిసెప్షన్లో దాన్ని చున్నీ కింద దాచుకుని నడుస్తారు. పూర్వం రైలు ప్రయాణమంటే ప్రతి ఇంట్లోంచీ హోల్డాల్ బయటికొచ్చేది. పరుపూ దుప్పటీ తలగడా అందులో చుట్టి, తోలు బెల్టులు బిగించి, కూలీ నెత్తికెత్తేవారు. మన పక్క మనమే మోసుకెళ్ళేవాళ్ళం. ఇప్పుడు పక్క హోటల్‌వాళ్ళ బాధ్యత అయింది కాబట్టి, కనీసం ఒక ఎత్తు తలగడ, ఒక పల్చటి తలగడ ప్రతి మంచానికీ ఉండాలని మీ నిబంధనల్లో ఒక వాక్యం చేర్చవచ్చు. దీనికి ఖర్చేమీ పెద్దగా కాదు.

మా అత్తగారిది వేరే కథ. గదిలోకి అడుగు పెట్టగానే ఆవిడ అడిగే మొదటి మాట, "ఉత్తరం ఎటే?" ఉత్తరంవైపు తల పెట్టకూడదు, ఆవిడకి ఆ పట్టింపు ఉంది. బ్యాగు మోసుకొచ్చిన అబ్బాయికి తెలియదు, రిసెప్షన్లో అమ్మాయికీ తెలియదు. నేను ఫోన్లో దిక్సూచి తెరిచి గదంతా తిరుగుతాను. తలవైపు బల్ల సరిగ్గా ఉత్తరం గోడకే బిగించి ఉంటుంది, మంచం కదలదు. ఇక ఆవిడ తలగడ తీసుకుని కాళ్ళవైపుకి మారతారు. అప్పుడు దీపం స్విచ్చు ఆవిడ పాదాల దగ్గర, టీవీ నెత్తిమీద, మంచినీళ్ళ సీసా చేతికందని చోట. రాత్రి లేచి చీకట్లో స్విచ్చు కోసం గోడంతా తడుముతారు. నమ్మకం నిజమా కాదా అన్న వాదనలోకి మిమ్మల్ని దింపను, ఆ వాదన నేను ఇంట్లోనే గెలవలేదు. ముస్లిం దేశాల హోటళ్ళలో నమాజు చేసుకునేవారి కోసం పైకప్పు మీదో, బల్ల సొరుగులోనో కిబ్లా, అంటే మక్కా ఉన్న దిక్కు, చూపే బాణం గుర్తు అతికిస్తారు. మన గదుల్లో ఉత్తరానికి అలాంటి గుర్తు ఒకటి ఉంటే తప్పేంటి? పడుకునే ఘడియలో మనసు కుదుటపడటం కూడా నిద్రలో భాగమే.

వెలుతురు గురించి ఎక్కువ చెప్పను. కర్టెన్లు రెండూ మధ్యలో కలవవు, ఆ బెత్తెడు సందులోంచి వీధిదీపం సరిగ్గా కంటి మీద పడుతుంది. టీవీకి ఎర్ర చుక్క, ఏసీకి పచ్చ అంకెలు, పొగ పసిగట్టే యంత్రానికి నిమిషానికోసారి మెరుపు. చివరిది ప్రాణరక్షణ కోసం, దాన్ని అలాగే ఉంచండి. మిగతావాటిని ఆర్పే స్విచ్చు ఒకటి మంచం పక్కన ఉండాలి. అన్ని లైట్లూ ఆర్పడానికి గుమ్మం దాకా వెళ్ళి, చీకట్లో టీపాయికి కాలు కొట్టుకుని రావాల్సిన గదికి నక్షత్రాలు ఎందుకు?

చప్పుడు దగ్గర మాత్రం ఆగి మాట్లాడాలి. బ్రౌన్ ప్రయోగం చెప్పింది వింత శబ్దం గురించి. ఇంట్లో ఫ్యాను కటకటలాడినా, అయిదింటికి గుడి మైకు మోగినా లేవం. చెవికి అవి పాతవి. హోటల్లో లిఫ్టు టింగుమంటే, వరండాలో ఎవరో ట్రాలీ బ్యాగు ఈడిస్తే, పక్కగది తలుపు ధడాలున పడితే, కాపలా ఉన్న ఆ సగం మెదడు లేచి కూర్చుంటుంది. పడకగదిలో 30 డెసిబెల్స్ దాటకుండా ఉంటే నిద్రకి మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. మన 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నివాస ప్రాంతాల్లో 45, వాణిజ్య ప్రాంతాల్లో 55 పరిమితి. ఇది ఆరుబయట లెక్క. ఆ యాభై అయిదు గదిలోకి ఎంత వస్తుందన్నది గోడ మీద, కిటికీ మీద ఆధారపడి ఉంటుంది. కిటికీ అద్దం ఒక పొరా రెండు పొరలా, తలుపు కింద సందుకి రబ్బరు ఉందా, తలుపు మెల్లగా మూసుకునే బిగింపు ఉందా అన్నవి చూడ్డానికి అధికారికి పది నిమిషాలు చాలు.

మరో బాధ డీజే. హైదరాబాద్ చుట్టుపక్కల ఒక రిసార్టుకి ప్రశాంతత కోసమని వెళ్ళాం. ఎవరిదో సంగీత్ అట, పచ్చికలో పెట్టెలు పెట్టి అర్ధరాత్రి దాటాక కూడా వాయించారు. మంచం కోడు అదిరింది. మేనేజర్ని అడిగితే, "అడ్వాన్స్ బుకింగ్ మేడమ్" అన్నాడు. మాదీ అడ్వాన్స్ బుకింగే. ఆరుబయట లౌడ్‌స్పీకర్లు పది దాటాక వద్దని అవే నిబంధనలు చెబుతున్నాయి. రాష్ట్రాలు పండగలకీ ఉత్సవాలకీ పన్నెండు దాకా సడలించగలిగేది ఏడాదికి పదిహేను రోజులకు మించకూడదు. అమలు చేయాల్సింది మీ శాఖ కాదు, తెలుసు. కానీ పెళ్ళిళ్ళకి పచ్చిక అద్దెకిచ్చే రిసార్టు, ఆ రోజు గది తీసుకోబోయేవాళ్ళకి ముందే ఆ మాట చెప్పి తీరాలన్న షరతు పెట్టడం మీ చేతిలో పనే. 2012లో రామ్‌లీలా మైదానం కేసు తీర్పులో జస్టిస్ బి.ఎస్. చౌహాన్ నిద్రను జీవించే హక్కులో భాగంగా చూశారు. అది నిద్రపోతున్న జనం మీద అర్ధరాత్రి పోలీసులు వచ్చిపడిన కేసు. మాది అంత పెద్ద కష్టం కాదు, ఆ తీర్పును డీజే మీదికి లాగను. నిద్రకి ఈ దేశంలో చట్టం దగ్గర కాస్త మర్యాద ఉందని గుర్తుచేస్తున్నాను, అంతే.

చివరిగా ఒకటి. నిబంధనలు మారిస్తే తనిఖీ పద్ధతి కూడా మారాలి. పగటిపూట వచ్చి, పరుపు నొక్కి చూసి, టీ తాగి వెళితే ఇవేవీ కనపడవు. అధికారి ఆ హోటల్లో పడుకోవాలి. తను వచ్చే సంగతి ముందుగా చెప్పకూడదు, గది లిఫ్టు పక్కదే అడగాలి. ఒక్క రాత్రి చాలదు, రెండు రాత్రులు ఉండాలి. మొదటి రాత్రి చాలామందికి సరిగా నిద్ర పట్టదు, దాన్నిబట్టి హోటల్‌కి మార్కులు తగ్గిస్తే అన్యాయం.

ఇట్లు,
సెలవులకి వెళ్ళొచ్చి ఇంట్లో నిద్రపోయే ఒక తెలుగు పర్యాటకురాలు