ఒక్క సూత్రానికి ఇన్ని నకళ్ళా?

తెలుగు వికీపీడియా మూసల వెనుక పనిచేసే మాడ్యూళ్ళను గూర్చి నాలుగు మాటలు ఘాటుగానే చెప్పదలచాను.

2013లో వికీమీడియా ప్రాజెక్టులన్నిటికీ లువా భాష వచ్చింది. బ్రెజిల్‌లో పుట్టిన ఈ భాష పేరుకు పోర్చుగీసులో చందమామ అని అర్థం. ఒకే లెక్కను ప్రతి మూసలోనూ తిరిగి వ్రాయకుండా, మాడ్యూలులో ఒక్కసారి వ్రాసి, కావలసినచోట 'రిక్వైర్' అని పిలుచుకోవడమే దీని ప్రయోజనం. చందమామ ఒక్కడే, వెన్నెల అందరిదీ.

అయితే ఆ పిలుపు వికీ గడప దాటదు. వికీపీడియాలోని మాడ్యూలును విక్షనరీ పిలువలేదు, వికీసోర్స్ పిలువలేదు. కనుక ఎక్కడికక్కడ ఆంగ్ల వికీ నుండి నకలు దించుకోవడమే ఆచారమైంది. అది తప్పనిసరి అనుకుందాం. ఆ నకలులో ఆదేశాల నడుమనే దోష సందేశాలనూ నెలల పేర్లనూ తెనిగించడం మాత్రం ఎవరు విధించిన శిక్ష? కొన్నాళ్ళకు మూలం మారుతుంది. ఎవరో పుణ్యాత్ముడు కొత్త నకలు తెచ్చి పాతదానిపై పరుస్తాడు. అంతటితో ఒకరి శ్రమ, దానితోపాటు తెలుగు, ఒక్కపెట్టున తుడుచుకుపోతాయి.

మన పూర్వులకు తెలియని విద్య కాదిది. చిన్నయసూరి బాలవ్యాకరణాన్ని పది పరిచ్ఛేదాలు చేసి, మొట్టమొదట సంజ్ఞా పరిచ్ఛేదాన్ని నిలిపాడు. ద్రుతప్రకృతికమేదో, కళ ఏదో అక్కడ ఒక్కసారి నిర్ణయించాడు. సంధి పరిచ్ఛేదంలో ఆ సంజ్ఞలను వాడుకున్నాడే గాని నిర్వచనాలను మళ్ళీ వల్లించలేదు. పరిచ్ఛేదానికొక నిర్వచనముండి, అవి తమలో తాము పొసగకుంటే అది వ్యాకరణమవుతుందా?

మా రేణిగుంట జంక్షన్ చూడండి. గూడూరు, గుంతకల్లు, అరక్కోణం, తిరుపతి వైపులకు పోయే బండ్లన్నిటికీ స్టేషను ఒక్కటే. దారికొక స్టేషను కట్టలేదు. బండిని బట్టి మారేది బోర్డు మీది పేరూ వేళా మాత్రమే. మాడ్యూళ్ళకూ ఇదే న్యాయం. ఆదేశాలు స్టేషను, మాటలు బోర్డు.

ఈ పద్ధతి ఆంగ్ల వికీలోనే ఉంది. మూలాలను చూపే 'సైటేషన్/సీఎస్1' మాడ్యూలుకు 'కాన్ఫిగరేషన్' అనే ఉపపుట ఉన్నది. సందేశాలూ నెలల పేర్లూ అందులోనే ఉంటాయి. అటువంటి పట్టికను 'లోడ్‌డేటా'తో తెరిస్తే, ఒక వ్యాసంలో ఎన్నిమార్లు అడిగినా ఒక్కసారే చదువబడుతుంది. మనం సొంతంగా వ్రాసుకునే చిన్న మాడ్యూళ్ళకు ఈ నియమం ఎందుకు పాటించరాదు?

"ఉమ్మడిది చెడితే అన్నీ చెడతాయి కదా!" అని ఆక్షేపణ. నిజమే. కాని ఆ చెడు వెంటనే కంటబడుతుంది, ఒక్కచోట దిద్దితే అంతటా తొలగుతుంది. మార్చబోయే ముందు ప్రయోగ పుటలో పరీక్షించే వీలూ ఉంది. నకళ్ళలోని తప్పు అట్లా కాదు. ఒకచోట దిద్దినా మిగిలినచోట్ల చాపకింద నీరై ఉంటుంది.

అన్ని భాషల వికీలకూ ప్రమేయాలు ఒక్కచోట ఉండాలన్న ఆశయంతో 2023లో వికీఫంక్షన్స్ తెరిచారు. మంచిదే. కాని ఆదేశాలు ఉమ్మడి అయిననాడు కూడా మన మాటలను మనమే చూసుకోవాలి.

అసలు సంగతి ఇది. తెలుగు బాగా తెలిసినవారిలో లువా ఎరిగినవారు బహుకొద్దిమంది. మాటలు ప్రత్యేకంగా ఒక పట్టికలో ఉంటే నాబోటి తెలుగు పంతులు కూడా నిర్భయంగా దోషం దిద్దగలడు. కుండలీకరణాల మధ్య ఇరికించారా, కామా చెదిరిపోతుందని దడిసి దూరంగా నిలబడతాడు. భాష తెలిసినవాణ్ణి గడప బయట నిలబెట్టే తెలుగు వికీ ఎవరికోసం? మాడ్యూళ్ళు వ్రాసే మిత్రులారా, మీరే చెప్పండి.